పిల్లల దవడ విరుగుళ్ళు: గుర్తింపు, చికిత్సల చరిత్ర

పసిపిల్లలకు దవడ విరగడం అరుదు. ముఖం చిన్నది, తల పెద్దది కాబట్టి దెబ్బ ఎక్కువగా తలకే తగులుతుంది. లేత ఎముక పచ్చికొమ్మలా ఒకవైపు చిట్లి వంగుతుంది. విరిగితే మాత్రం పెద్దల వైద్యం వీరికి పనికిరాదు. పాలపళ్ళ కింద రాబోయే పళ్ళ మొలకలు దవడ నిండా ఉంటాయి. చెవి ముందరి కీలు దగ్గర ఎముక ఇంకా పెరుగుతూ ఉంటుంది.

క్రీ.పూ. 1600 ప్రాంతపు ఈజిప్టు ఎడ్విన్ స్మిత్ పత్రం, పుండుపడి విరిగిన కింది దవడకు వైద్యం లేదని వదిలేసింది. హిపోక్రటీస్ పేరిట ఉన్న గ్రీకు గ్రంథాలు విరిగినచోటికి అటూ ఇటూ ఉన్న పళ్ళను బంగారు తీగతోనో దారంతోనో కట్టమన్నాయి. వయసును లెక్కలోకి తీసుకున్నది సుశ్రుత సంహిత. చిన్నతనంలో ఎముక నెలలో అతుకుతుందనీ, నడివయసులో రెట్టింపు, ముసలితనంలో మూడింతల కాలం పడుతుందనీ చెప్పింది. లేతవయసువారి పళ్ళు కదిలి నెత్తురు వస్తుంటే లోపలికి నొక్కి, చల్లని పూత వేసి, కలువకాడతో పాలు తాగించమంది. దవడ కట్టిన పిల్లలకు నేడూ ద్రవాహారమే ఇస్తారు.

అమెరికా అంతర్యుద్ధ కాలంలో థామస్ గన్నింగ్ గట్టి రబ్బరుతో పళ్ళ తొడుగులు చేశాడు. 1887లో గిల్మర్ పైపళ్ళను, కింది పళ్ళను తీగతో కలిపి బిగించాడు. పొట్టి పాలపళ్ళ మీద ఆ తీగ నిలవదు, జారిపోతుంది. అందుకే పిల్లలకు ఎక్కువ మేలు చేసింది గన్నింగ్ చూపిన దారి. ఎముక పక్కకు జరిగితే ఇప్పటికీ అక్రిలిక్ తొడుగు అమర్చి, దవడ చుట్టూ తీగతో కట్టి, రెండు మూడు వారాలు ఉంచుతారు.

1895లో ఎక్స్-రే వచ్చినా ఏడ్చే పిల్లలను కదలకుండా ఉంచడం కష్టం, పళ్ళ మొలకల నీడలో సన్నని చీలిక కనబడదు. 1970లలో వచ్చిన సీటీ స్కాన్ ఈ చిక్కును చాలావరకు తీర్చింది. అయినా చేతితో తడిమి చూడటం మానకూడదు. గడ్డం చిట్లిన పిల్లలకు కుట్లు వేసి పంపేస్తే చెవి ముందరి కీలు విరిగిన సంగతి తెలియకుండా పోవచ్చు. నోరు తెరిచినప్పుడు గడ్డం ఒక పక్కకు లాగడం దానికి గుర్తు. పట్టించుకోకపోతే కీలు బిగుసుకుపోయి నోరు తెరుచుకోదు, దవడ ఎదగక ముఖం వంకరవుతుంది.

కీలు విరుగుళ్ళలో చాలావాటికి కోత అక్కర్లేదు. మెత్తని తిండి చాలు. పళ్ళు సరిగా కలవకపోతే వారం, పది రోజులు కట్టి, వెంటనే నోటి వ్యాయామం మొదలుపెడతారు. 1970లలో ఫ్రాన్సులో మిషెలే, షాంపీ ప్రచారంలోకి తెచ్చిన చిన్న లోహపు పలకలను పిల్లలకు తప్పనిసరైతేనే వాడతారు. మరలు పంటి మొలకలకు తగలకుండా దవడ కింది అంచున బిగించి, ఎముక అతికాక తరచుగా తీసేస్తారు. ఒంట్లోనే కరిగే పలకలు వచ్చాక కొందరికి ఆ రెండో ఆపరేషను తప్పింది. ఏ చికిత్స చేసినా ఎదుగుదల ముగిసేదాకా దవడను మళ్ళీ మళ్ళీ పరీక్ష చేయించాలి.