ఎండలకు చిక్కటి ఆయిలే మేలా?

నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో వేసవి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటడం పరిపాటి. అందువల్ల కారు ఇంజిన్‌కు చిక్కటి ఆయిలే మేలని పలువురు వాహనదారులు భావిస్తుంటారు. ఇది అన్ని ఇంజిన్లకూ వర్తించదు.

డబ్బాపై 5డబ్ల్యూ-30 అని ఉంటే, ‘డబ్ల్యూ’ చలికాలానికి గుర్తు. దాని ముందున్న అంకె తగ్గేకొద్దీ చలిలో ఆయిల్ సులువుగా పారుతుంది. చివరి అంకె 100 డిగ్రీల వేడిలో చిక్కదనాన్ని తెలుపుతుంది. గడ్డకట్టే చలి లేని ఈ జిల్లాల్లో చివరి అంకే కీలకం.

ఎండ ఎంత ఉన్నా థర్మోస్టాట్, రేడియేటర్ ఇంజిన్ వేడిని అదుపులో ఉంచుతాయి. ఆయిల్ అవసరానికి మించి చిక్కగా ఉంటే ఇంధన ఖర్చు పెరుగుతుంది. స్టార్ట్ చేయగానే పైభాగాలకు చేరడం ఆలస్యమవుతుంది. మరీ పలుచనైతే ఆయిల్ ఒత్తిడి తగ్గి బేరింగులు అరుగుతాయి.

కారుతో ఇచ్చిన మాన్యువల్‌లో సూచించిన గ్రేడే వాడాలి. అందులో రెండు మూడు గ్రేడ్లు ఉంటే, జడ్చర్ల మీదుగా బెంగళూరుకో, నార్కట్‌పల్లి మీదుగా విజయవాడకో నిండు లోడుతో తరచూ వెళ్లేవారు వాటిలో చిక్కటిది ఎంచుకోవచ్చు. 2020 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన బీఎస్-6 ప్రమాణాల డీజిల్ కార్లలో మసిని వడకట్టే ఫిల్టర్ ఉంటే, బూడిద తక్కువగా మిగిల్చే ఆయిలే పోయించాలి. లేకుంటే ఫిల్టర్ పూడుకుపోయి మరమ్మతు భారమవుతుంది.