ఒడి ఒకరిది, పేరొకరిది

మదీనా పక్కన ఖుబా. అక్కడి మసీదు ముంగిట్లో ఓ పిల్లవాడు ఆడుకుంటున్నాడు. పేరు ఆసిం. తండ్రి హజ్రత్ ఉమర్. తల్లికి అప్పటికే తలాఖ్ అయిపోయింది. ఆ దారిన వచ్చిన ఉమర్ కొడుకుని చూసి, రెక్క పట్టి లేపి, సవారీ మీద తన ముందు కూచోబెట్టుకున్నాడు. పిల్లవాడి నానీ ఉరికొచ్చి అడ్డం పడింది. ఇవ్వనంది. తగువు ఖలీఫా హజ్రత్ అబూబక్ర్ ముందుకు పోయింది. పిల్లవాణ్ణి ఆమెకు వదిలెయ్యమన్నాడు ఖలీఫా. ఉమర్ అంతటివాడు మారుమాట ఆడలేదు. ఇమాం మాలిక్ తన ముఅత్తాలో రాసిపెట్టిన ముచ్చట ఇది.

ఊహ తెలిసినప్పటి నుంచి మసీదుల్లో బయాన్లు వింటూనే ఉన్నాం. ఉమర్ ఇన్సాఫ్ గురించి విన్నాం, ఆయన మాసికల అంగీ గురించి విన్నాం. సవారీకి అడ్డం పడిన ఈ నానీ గురించి మాత్రం మాకెవరూ చెప్పలేదు. తలాఖ్ ఎన్నిసార్లు అంటే ఎట్లా అవుతుందో మా గల్లీలో పదేళ్ల పిల్లగాడిక్కూడా తెలుసు. తలాఖ్ తర్వాత పిల్లలెవరికి అన్న మాట దగ్గరికొస్తే అందరికీ ఒకటే తెలుసు. ఏడేళ్లకి కొడుకు బాప్ వాడు. అంతే. మిగతా షరీయత్ అంతా ఏమైంది?

షరీయత్‌లో దీనికి రెండు మాటలున్నాయి. ఒకటి హిజానత్. ఒడి, రొమ్ము అనే అర్థమున్న మాటలోంచి పుట్టింది. పిల్లల్ని సాకే హక్కు అది. రెండోది విలాయత్. ఆస్తి మీద, పెళ్లి మీద, పిల్లల తరఫున మాట్లాడే అధికారం. హిజానత్ తల్లిది. తల్లి లేకపోతే తండ్రికి పోదు, తల్లి తల్లికి పోతుంది. తర్వాత దాదీ, తర్వాత అక్కచెల్లెళ్లు, ఖాలాలు, ఫూఫీలు. మగవాడి వంతు వీళ్లందరి తర్వాతే. ఇదంతా ఆడవాళ్ల వరస. విలాయత్ మొత్తం మగవాళ్ల వరస. తండ్రి, ఆయన రాసిపెట్టిన వసీ, తాత.

హనఫీ మజ్హబ్‌లో కొడుకు ఏడేళ్ల దాకా, బిడ్డ పెద్దమనిషయ్యే దాకా తల్లి దగ్గర ఉండాలన్నారు. షియాల్లో కొడుక్కి రెండేళ్లే, బిడ్డకి ఏడేళ్లు. షాఫయీలు తెలివొచ్చిన పిల్లల్నే ఎవరి దగ్గర ఉంటారో అడగమన్నారు. అంటే ఈ ఏడు అనే అంకె ఆకాశం నుంచి దిగింది కాదు. ఖురాన్‌లో లేదు. ఖురాన్‌లో ఉన్నది పాలు తాపే రెండేళ్ల లెక్క, బిడ్డని అడ్డం పెట్టుకుని తల్లిని గానీ తండ్రిని గానీ కష్టపెట్టొద్దన్న హుకుం. బఖరా సూరాలో 233వ ఆయత్. ఏడేళ్ల లెక్క ఫిఖ్ పండితులు కట్టింది. ఆ వయసుకి పిల్లవాడు తన తిండి తను తింటాడు, తన బట్ట తను కట్టుకుంటాడు, ఇక మగవాళ్ల మధ్య చదువూ పనీ నేర్చుకోవాలి అన్నది వాళ్ల ఆలోచన. తప్పో ఒప్పో, పిల్లవాడి బాగు చూసి వేసిన లెక్క. తండ్రి గెలుపు కోసం వేసింది కాదు.

ఇంకో షరతుంది. తల్లి పరాయివాణ్ణి నిఖా చేసుకుంటే హిజానత్ పోతుంది. తండ్రి మళ్లీ చేసుకుంటే మాత్రం ఆయన విలాయత్‌కి ఏమీ కాదు. తలాఖై ఇరవై రెండేళ్లకే పుట్టింటి వసారాలో కూలబడి, ఇంకో నిఖా మాటెత్తితే పిల్లలు పోతారని నలభై దాకా అట్లాగే ఉండిపోయిన ఆడవాళ్లు మా ప్రతి బస్తీలో ఉన్నారు. ఒక హదీసు ఆధారంగానే ఇది చెప్తారు. తండ్రి గుంజుకోబోతుంటే ఒక తల్లి రసూలుల్లా దగ్గరికొచ్చి మొరపెట్టుకుంటే, మళ్లీ నిఖా చేసుకోనంత వరకు బిడ్డ మీద నీదే ఎక్కువ హక్కన్నారు ఆయన. ఆ మాటలో మొదటి సగం ఆమె కన్నీళ్లు తుడవటానికి చెప్పింది. మావాళ్లకి రెండో సగమే బాగా గుర్తుంది.

ఇక ఇంగ్లీషువాళ్ల సంగతి. బుర్హానుద్దీన్ మర్ఘీనానీ ఫర్ఘానావాడు, పన్నెండో శతాబ్దం మనిషి. ఆయన అరబ్బీలో రాసిన హిదాయాని ఫార్సీలోకి మార్పించి, ఆ ఫార్సీ నుంచి చార్లెస్ హామిల్టన్ ఇంగ్లీషు చేశాడు. 1791లో అచ్చయింది. పండితుల చర్చని చట్టం పుస్తకం అనుకున్నారు. మొదట్లో కోర్టుల్లో జడ్జీల పక్కన మౌల్వీలు కూచుని ఫత్వా చెప్పేవాళ్లు. 1864లో వాళ్లనీ తీసేశారు. ఇక మిగిలింది తెల్లదొర, అతని బల్ల మీద తర్జుమా. ఖాజీ అయితే ముందున్న పిల్లవాడి మొహం చూసి ఓ మాట అటూ ఇటూ అనేవాడేమో. పుస్తకం మొహాలు చూడదు.

1890లో గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం వచ్చింది. అన్ని మతాలవాళ్లకీ. పిల్లల క్షేమం చూడాలంటుంది పదిహేడో సెక్షను, వాళ్ల మత చట్టానికి లోబడి అని ఓ ముడి వేసి. పందొమ్మిదో సెక్షను ఇంకా తేటగా చెప్పింది. తండ్రి బతికుండి, అనర్హుడు కాకపోతే కోర్టు వేరే గార్డియన్‌ని పెట్టకూడదు. ఆ ముక్కలో తండ్రి పక్కన తల్లి పేరు చేర్చింది 2010లో. నూట ఇరవై ఏళ్లు పట్టింది.

మమ్మల్ని ఎక్కువ కలవరపెట్టేది 1918 నాటి ఇమాంబాందీ తీర్పు. భర్త చనిపోయిన ఒక తల్లి తన వాటాతో పాటు తన చిన్నపిల్లల వాటా కూడా అమ్మింది. ఆ అమ్మకం చెల్లుతుందా లేదా అని లండన్‌లో ప్రివీ కౌన్సిల్ దాకా పోయింది. తల్లికి పిల్లల శరీరాల మీద కొంత వయసు దాకా సాకే హక్కే తప్ప ఆమె సహజ గార్డియన్ కాదు, ఆమె చేసిన అమ్మకం పిల్లలకు కట్టుబాటు కాదు అని తేలింది. తీర్పు రాసింది ఏ దొరా కాదు, సయ్యద్ అమీర్ అలీ. కటక్‌లో పుట్టి, ప్రివీ కౌన్సిల్‌లో కూచున్న మొదటి హిందుస్తానీ. ఇస్లాం ఆడదాన్ని ఎంత పైకెత్తిందో లోకానికి చెప్తూ పుస్తకాలు రాసినవాడు. ఆయన్ని చూసి మేం గర్వపడ్డాం, ఇప్పటికీ పడతాం. ఆయన కలం నుంచే ఈ మాటా వచ్చింది. పిల్లల ఆస్తిని ఎవరుబడితే వాళ్లు అమ్మకుండా కాపాడటమే ఆయన ఉద్దేశం కావచ్చు. తర్వాత ఎన్ని కోర్టుల్లో ఎన్ని తల్లుల మీదికి దాన్ని విసిరారో లెక్కలేదు.

1937 షరీయత్ చట్టంలో గార్డియన్‌షిప్ కూడా చేర్చారు. 1939 చట్టం ఆడవాళ్లకి నికాహ్ నుంచి బయటపడే దారి ఇచ్చింది. దారి దొరక్క పంజాబులో ఆడవాళ్లు దీన్ వదిలేస్తుంటే ఉలమా కదిలారు, మౌలానా అష్రఫ్ అలీ థానవీ పెద్ద ఫత్వా రాశారు. ఆ చట్టంలో పిల్లల మాట ఒక్కటి లేదు. తల్లి తలుపు దాటొచ్చు, చంకలో బిడ్డ సంగతి రాయలేదు.

1986 సంగతి అందరికీ తెలుసు. షాబానో తీర్పు 1985లో, మరుసటేడు కొత్త చట్టం. రోడ్ల మీద మేమూ నినాదాలిచ్చాం. ఆ చట్టం లోపల ఏముందో మాలో ఎంతమంది చదివాం? పిల్లల్ని సాకే తల్లికి ఆ పిల్లలు పుట్టిన రెండేళ్ల దాకా మాజీ భర్త ఖర్చివ్వాలని ఉంది. ఇది పట్టుకుని బీహార్‌లో ఒకాయన ముగ్గురు పిల్లల ఖర్చు ఎగ్గొట్టబోయాడు. నెలకి భార్యకి రెండొందలు, ఒక్కో బిడ్డకి నూటయాభై, అంతే ఆ ఖర్చు. హైకోర్టు ఆయనకే వంతపాడింది. 1997లో నూర్ సబా ఖాతూన్ కేసులో సుప్రీంకోర్టు కొట్టేసింది. ఆ రెండేళ్లు తల్లి కోసం అదనంగా ఇచ్చింది, పిల్లల హక్కు వేరు, మేజర్లయ్యేదాకా తండ్రే పోషించాలంది. షరీయత్ చెప్పేదీ అదే. పిల్లలు నానీ ఇంట్లో ఉన్నా నఫఖా బాప్ మీదే ఫర్జ్. ఏడేళ్ల మసలా కంఠతా వచ్చినవాళ్లకి ఈ ఫర్జ్ ఎందుకు నోరు తిరగదో మాకు అర్థం కాదు.

అసలు మా బీదవాళ్లలో కస్టడీ అంటే పిల్లల్ని గుంజుకోవటం కాదు, వదిలేసిపోవటం. తండ్రి కోర్టుకెక్కి కొడుకుని అడిగేది కాస్త కలిగిన ఇళ్లల్లో. మిగతా చోట్ల పిల్లల మాట ఖులా బేరంలోనే వస్తుంది. మెహర్ మాఫ్ చెయ్యి, పిల్లల్ని ఉంచుకో, లేకపోతే లాక్కుంటా. పెద్దమనుషులు గుండ్రంగా కూచుంటారు, చాయ్ తాగుతారు, ఆమె వేలిముద్ర వేస్తుంది. హిజానత్ ఆమెదే. ఆమెదాన్నే ఆమెకి అమ్ముతారు.

2019 చట్టం ఒక్కసారే మూడు తలాఖులన్న భర్తకి మూడేళ్ల జైలంది. ఆరో సెక్షనులో పిల్లలు తల్లి దగ్గరుండొచ్చని, మేజిస్ట్రేటు నిర్ణయిస్తాడని ఉంది. ఐదో సెక్షనులో ఖర్చివ్వాలని ఉంది. జైల్లో కూచున్న ఆటోడ్రైవరు ఖర్చెక్కణ్ణుంచి తెస్తాడు? మా ఆడబిడ్డల మీద అంత ప్రేమ పుట్టుకొచ్చినవాళ్లు ఈ లెక్క ఎందుకు చూడలేదు? హిందూ మైనారిటీ చట్టం 1956లో కూడా సహజ గార్డియన్ ముందు తండ్రే, తర్వాతే తల్లి. దాన్ని కొంత సడలించటానికి 1999 దాకా గీతా హరిహరన్ కేసు కావాల్సొచ్చింది. అప్పుడెవరూ ఒక మతాన్ని వెనకబడిందనలేదు. మావాళ్ల తప్పుని దాచేందుకు ఇది చెప్పటం లేదు. బోనులో ఒక్కళ్లనే నిలబెట్టొద్దంటున్నాం.

మా ఖాలా ఒకామె కొడుకుని ఏడేళ్లు నిండిన నెలలోనే తీసుకుపోయారు. చదివిస్తామన్నారు. మెకానిక్ షెడ్డులో పెట్టారు. ఆమె ఏ కోర్టుకీ పోలేదు, ఏ పుస్తకమూ ఎరగదు. జుమ్మా జుమ్మాకి టిఫిను డబ్బాలో ఖిచిడీ కట్టుకుని షెడ్డు ముందు నిలబడేది. యజమాని పది నిమిషాలు వదిలేవాడు. పిల్లవాడు గ్రీజు చేతుల్తోనే తినేవాడు. పదమూడో ఏట వాడు ఎవర్నీ అడక్కుండా బస్సెక్కి తల్లి దగ్గరికొచ్చేశాడు. ఈసారి ఎవరూ వెతుక్కుంటూ రాలేదు. ఆధార్ కార్డు తీసేటప్పుడు తండ్రి పేరు చెప్పమంటే చెప్పాడు. ఎక్కడుంటాడంటే, తెలీదన్నాడు. పక్కన ఖాలా చేతిలో అదే డబ్బా ఉంది.