ఎవలు నింపాలె, ఎవలు తినాలె?

ఈ ఎండాకాలం మా పాత ఫ్రిజ్ ఆగిపోయింది. పద్నాలుగేళ్ళు పనిచేసింది కాబట్టి దాన్ని అనడానికేమీ లేదు. "ఈసారి మంచిది తీసుకుందాం మమ్మీ" అన్నారు పిల్లలు. మంచిదంటే ఏమిటో చూద్దామని కరీంనగర్‌లో మూడు షోరూములు తిరిగాం. చివరి దాంట్లో ఒకటి చూపించారు. ఆరువందల లీటర్లు, బీరువాలా రెండు తలుపులు, తలుపు మీద టీవీలాంటి తెర, తెరవకుండానే నీళ్ళు వచ్చే కుళాయి. ధర లక్షన్నర పైమాటే. అమ్మే అబ్బాయి తలుపులు తెరిస్తే లోపల పెళ్ళి పందిరిలా వెలిగిపోయింది.

మా అత్తమ్మ కొంగు సర్దుకుని లోపలికి తొంగిచూసి ఒకటే అడిగింది. "గిదంత ఎవలు నింపాలె బిడ్డా? ఎవలు తినాలె?"

అబ్బాయి నవ్వాడు, నేనూ నవ్వాను. కానీ ఇంటికొచ్చాక ఆ మాట నన్ను వదల్లేదు. ఫ్రిజ్ కొనేముందు లీటర్లు అడుగుతాం, స్టార్లు అడుగుతాం, రంగు అడుగుతాం. ఎవరు నింపుతారు, మిగిలింది ఎవరు తింటారు అని మాత్రం అడగం. అందుకే ఈసారి మన వంటింట్లోకి చల్లదనం ఎలా వచ్చిందో మొదటినుంచీ చెప్పాలనిపించింది.

ఫ్రిజ్ రాకముందు మన ఇళ్ళల్లో తిండి నిలవ లేదనుకోకండి. బాగానే ఉండేది. వాకిట్లో ఇసుక పోసి దాని మీద రంజన్, వంటింట్లో ఉట్టి, మూలన కూరాడు, అటక మీద తొక్కు జాడీలు, డబ్బాల్లో ఎండబెట్టిన వరుగులు. ఉప్పు, పులుపు, నూనె, ఎండ, ఈ నాలుగే అప్పటి ఫ్రిజ్. సద్దుల బతుకమ్మకు మనం చేసే సద్దులే చూడండి. నువ్వుల పొడి, పల్లీల పొడి, చింతపండు పులిహోర, మలీద. చెరువు దాకా మోసుకుపోయి పొద్దుపోయాక పంచుకున్నా పాడుకానివే ఎక్కువ.

రంజన్‌లో నీళ్ళు చల్లబడే తీరుకూ, ఫ్రిజ్ పనిచేసే తీరుకూ మూలం ఒకటే. మట్టి రంధ్రాల్లోంచి ఊరిన నీరు ఆవిరవుతూ లోపలి వేడిని లాగేసుకుంటుంది. ఫ్రిజ్‌లోనూ ద్రవం ఆవిరవుతూనే వేడిని లాగుతుంది. కాకపోతే ఆ ఆవిరిని గాలిలోకి పోనివ్వకుండా పట్టి, కంప్రెసర్‌తో నొక్కి, వెనక గొట్టాల్లో వేడి వదిలించి మళ్ళీ ద్రవంగా మారుస్తుంది. అందుకే ఫ్రిజ్ వెనక గోడకు ఆనించకూడదు, వేడి పోయే దారి ఉండాలి. రంజన్‌కు కరెంటు అక్కర్లేదు. కానీ వానాకాలం గాలిలో తేమ పెరిగితే అది చేతులెత్తేస్తుంది.

మంచుగడ్డ మన దేశానికి ఓడెక్కి వచ్చిందంటే నమ్ముతారా? 1833లో అమెరికాలోని బోస్టన్ నుంచి టస్కనీ అనే ఓడ చెరువుల్లో కోసిన మంచును నింపుకుని కలకత్తాకు బయల్దేరింది. నాలుగు నెలల ప్రయాణం. 180 టన్నులు ఎక్కిస్తే దాదాపు వంద టన్నులు మిగిలాయి. పంపినవాడి పేరు ఫ్రెడరిక్ ట్యూడర్. 1840ల్లో మద్రాసు సముద్రపొడ్డున కూడా అతని మంచుకు ఒక ఇల్లు కట్టారు. వివేకానందుడు 1897లో బస చేసింది అందులోనే, ఇప్పుడు దాన్ని ఆయన పేరుతోనే పిలుస్తున్నారు. ఆ మంచు దొరల గ్లాసుల్లోకి, రోగుల తలల మీదికి పోయింది. సముద్రానికి ఇంత దూరాన, నిజాం ఏలుబడిలో ఉన్న మన పల్లెలకు రంజనే దిక్కు.

ఫ్రిజ్‌కు మాత్రం మన హైదరాబాదుతోనే చుట్టరికం ఉంది. 1942లో నిజాం ప్రభుత్వ పారిశ్రామిక నిధి, అల్లాదీన్ కంపెనీ కలిసి హైదరాబాద్ ఆల్విన్ పెట్టాయి. సనత్‌నగర్‌లోని ఆ కార్ఖానా నుంచి స్టీలు సామాను, బస్సుల బాడీలు, తర్వాత ఫ్రిజ్‌లు, సీకోతో కలిసి వాచీలు కూడా వచ్చాయి. బొంబాయిలో గోద్రెజ్ వాళ్ళు 1958లో ఫ్రిజ్ తయారుచేయడం మొదలుపెట్టారు. గోద్రెజ్, కెల్వినేటర్, ఆల్విన్, మన చిన్నప్పుడు ఫ్రిజ్ అంటే ఈ మూడు పేర్లే. కడప జిల్లా నందలూరులో కూడా ఆల్విన్ ఫ్రిజ్‌ల ఫ్యాక్టరీ నడిచింది. 1990ల్లో ఆల్విన్ ఫ్రిజ్‌ల వ్యాపారం వోల్టాస్ చేతికి పోయింది. ఇప్పుడా పేరు హైదరాబాదులో ఆల్విన్ కాలనీ అని, ఆల్విన్ చౌరస్తా అని బస్సు బోర్డుల మీద మిగిలింది.

జగిత్యాలలో మా తల్లిగారింటికి 1986లో వచ్చింది ఆల్విన్ ఫ్రిజే. 165 లీటర్లు, ఒకటే తలుపు. దాన్ని వంటింట్లో పెట్టలేదు, ముందరి గదిలో పెట్టారు, వచ్చినవాళ్ళకు కనబడాలి కదా! పైన అమ్మ అల్లిన కుచ్చుల గుడ్డ, దాని మీద ప్లాస్టిక్ పూలు. తలుపుకు తాళం ఉండేది, తాళంచెవి నానమ్మ బొడ్లో ఉండేది. అప్పటి ఫ్రిజ్‌లకు తాళాలుండేవని చెబితే ఇప్పటి పిల్లలు నమ్మరు.

తాళం ఉన్నా ఆ ఫ్రిజ్ మా ఒక్కరిది కాదు. రంజాన్ నెలలో పొద్దు కుంకే వేళకు పక్కింటి ఖాలమ్మ గిన్నె పంపేది, షర్బత్‌లోకి మంచుగడ్డల కోసం. ఎదురింటి తాతయ్య ఇన్సులిన్ సీసా మా గుడ్ల అరలోనే ఉండేది. ఎవరింట్లో దావత్ అయినా పాలు, పెరుగు మా ఇంటికొచ్చేవి. 165 లీటర్లలో వాడకట్టంతా సరిపోయింది. ఇప్పుడు నలుగురికి ఆరువందల లీటర్లు చాలతాయా అని ఆలోచిస్తున్నాం.

ఫ్రిజ్ వచ్చినంత మాత్రాన సరిపోదు, కరెంటు ఉండాలి. ఇక్కడే మన జిల్లా కథ వస్తుంది. రామగుండంలో 62.5 మెగావాట్ల థర్మల్ కేంద్రం 1971లో మొదలైంది. సింగరేణి బొగ్గు పక్కనే, గోదావరి నీళ్ళు పక్కనే. 1978లో ఎన్‌టీపీసీకి శంకుస్థాపన జరిగింది, 1983లో మొదటి యూనిట్ నడిచింది, పోనుపోను అది 2600 మెగావాట్లకు పెరిగింది. దక్షిణాది రాష్ట్రాల ఎన్నో ఇళ్ళల్లో ఫ్రిజ్‌లు ఆ బొగ్గుతో చల్లబడ్డాయి. పొగగొట్టాలు కనబడే దూరంలో ఉన్న మనం మాత్రం ఎండాకాలం కోతలప్పుడు పాలు విరిగిపోకుండా రోజుకు మూడుసార్లు కాచుకున్నాం. కోత వేళలు గోడ మీద రాసుకుని, మళ్ళీ కరెంటు వచ్చేదాకా ఫ్రిజ్ తలుపు తీయనిచ్చేవాళ్ళం కాదు. మా ఇంట్లో స్టెబిలైజర్ ఆ రోజులనాటి అలవాటే.

ఫ్రిజ్ లోపలి గ్యాసుకూ ఒక చరిత్ర ఉంది. తొలినాటి ఫ్రిజ్‌లలో సల్ఫర్ డయాక్సైడ్, మిథైల్ క్లోరైడ్ వాడేవారు. కారితే ప్రాణాలు పోయేవి. 1930 ప్రాంతంలో అమెరికాలో మిడ్జ్లీ అనే శాస్త్రవేత్త బృందం మంటపట్టని, విషం కాని ఫ్రియాన్ కనిపెట్టింది. అందరూ హమ్మయ్య అనుకున్నారు. 1974లో మొలీనా, రోలండ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు అదే గ్యాసు పైకి పోయి ఓజోన్ పొరను తినేస్తుందని చూపించారు. 1987లో మాంట్రియల్ ఒప్పందం కుదిరింది. మన దేశం 2008 ఆగస్టులో ఆ గ్యాసుల తయారీ ఆపేసింది. ఇప్పుడు ఎక్కువగా ఆర్-600ఎ అని రాసి ఉంటుంది. అది ఐసోబ్యూటేన్, వంటగ్యాసుకు దగ్గరి చుట్టం, కాస్త మోతాదులోనే వాడతారు. రిపేరుకు వచ్చిన మనిషికి ఆ గ్యాసు పని తెలుసో లేదో అడిగి మరీ చేయించుకోండి.

స్టార్ల సంగతి కూడా చెప్పేస్తాను. దేశంలో ఈ లేబుళ్ళు 2006లో మొదలయ్యాయి, 2010 నుంచి ఫ్రాస్ట్‌ఫ్రీ ఫ్రిజ్‌లకు తప్పనిసరి అయ్యాయి. కొలతలను మధ్యమధ్య బిగిస్తుంటారు కాబట్టి పాత అయిదు స్టార్లు, కొత్త అయిదు స్టార్లు ఒకటి కావు. స్టార్లకన్నా దాని కింద ఏడాదికి ఎన్ని యూనిట్లు అని రాసిన అంకె చూడండి, దాన్ని మీ యూనిట్ ధరతో గుణించండి. షోరూములో నేను ఇదే చేశాను. పక్కనున్న ఒకావిడ తన ఫోన్లో లెక్కేసుకుని వేరే మోడలుకు మారింది.

ఇక అసలు మాట. రూత్ ష్వార్ట్జ్ కోవన్ అనే అమెరికన్ చరిత్రకారిణి 1983లో మోర్ వర్క్ ఫర్ మదర్ అనే పుస్తకం రాసింది. ఇంట్లోకి యంత్రాలు వస్తే పని తగ్గింది, నిజమే, కానీ ఎవరి పని? కట్టెలు కొట్టే మగవాళ్ళ పని, నీళ్ళు మోసే పిల్లల పని ముందు తగ్గింది, అమ్మ పని రూపం మార్చుకుని అక్కడే ఉండిపోయింది అంటుందావిడ. అది చదివినప్పుడు నాకు అమెరికా గుర్తుకురాలేదు, మా అమ్మ గుర్తుకొచ్చింది.

ఫ్రిజ్ లేని రోజుల్లో రాత్రి మిగిలిన అన్నంలో నీళ్ళో సల్లో పోసి పెట్టేవాళ్ళు. పొద్దున అది సద్ది. ఉల్లిగడ్డ, పచ్చిమిరపకాయ నంజుకుని మా తాత తిని పొలం పోయేవాడు, బాపు తిని బడికి పోయేవాడు, మేమూ తినేవాళ్ళం. సద్ది అంటే మిగిలిపోయింది అని ఎవరూ అనుకోలేదు. దానికో పేరు, దానికో వేళ ఉండేవి. ఫ్రిజ్ వచ్చాక అది పాత కూర అయింది, నిన్నటి పప్పు అయింది. పొద్దున అందరికీ వేడిగా టిఫిను. ఆ మూత పెట్టిన గిన్నెలు మధ్యాహ్నం ఎవరూ లేనప్పుడు అమ్మ ఒక్కతే ఖాళీ చేసేది. ఇప్పుడు నేను చేస్తున్నాను. అంతకుముందు పూట మిగిలితే పూటతో పోయేది, ఇప్పుడు మూడు రోజులు వెంటాడుతోంది. ఫ్రిజ్ నా వంట సమయం తగ్గించింది, కాదనను. ఆదివారం అల్లం వెల్లుల్లి నూరిపెట్టుకుంటే వారమంతా హాయి. కానీ మిగిలింది తినే పని మొత్తం నాకే రాసిచ్చింది.

అత్తమ్మ అడిగింది అదే. ఆమె కూడా నలభై ఏళ్ళు ఆ గిన్నెలే ఖాళీ చేసింది మరి.

ఆ రాత్రి అన్నాల దగ్గర ఈ మాట పైకే అన్నాను. మా ఆయన "నువ్వు చెప్పలేదు కదా" అన్నారు. "మీరు అడగలేదు కదా" అన్నాను. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత మా అమ్మాయి లేచి, ఆగిపోయిన ఫ్రిజ్‌లోంచి పక్కింటికి పంపిన మా డబ్బాలు ఎన్నో లెక్కపెట్టింది. పదకొండు. అందులో ఏడింటిలో ఏముందో నాకు తప్ప ఇంట్లో ఎవరికీ తెలియదు.

చివరికి ఆరువందల లీటర్లది తీసుకోలేదు. నాలుగు వందలకు కాస్త తక్కువదే తీసుకున్నాం, అయినా మాకు ఖరీదైనదే. ఫ్రీజర్ కింద, మామూలు అరలు పైన ఉన్న రకం. రోజుకు ఇరవైసార్లు తీసే కూరగాయలు, పాలు నిలబడిన ఎత్తులో ఉంటాయి, వారానికోసారి తీసే ఫ్రీజర్ కోసమే వంగాలి. నా మోకాళ్ళకు ఆ తేడా మొదటివారమే తెలిసింది. తలుపు మీద తెర లేదు, ఎవరూ అడగలేదు కూడా.

ఇంకొక మార్పు జరిగింది. పై అరలో కుడివైపు చోటుకు సద్ది అర అని పేరు పెట్టాం. మిగిలిందేదైనా అక్కడికే. శుక్రవారం రాత్రి కొత్త వంట ఉండదు, ఆ అర ఖాళీ చేసి నలుగురి మధ్యా పెట్టి అందరం తింటాం. మొదటి శుక్రవారం మా అబ్బాయి మొహం ముడుచుకున్నాడు. రెండో వారం పప్పులో పోపు వాడే వేశాడు. మూడోవారానికి అరలో మిగిలేదే తగ్గింది, తామే తినాలని తెలిశాక గురువారం నుంచే చూసుకుని వడ్డించుకుంటున్నారు.

అత్తమ్మ నీళ్ళు మాత్రం ఇప్పటికీ రంజన్‌లోవే తాగుతుంది. శుక్రవారం నాడు అందరికన్నా ముందు కంచం తెచ్చుకుని కూర్చునేది కూడా ఆమే.