తూము ఎవరి చేతిలో?

కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు శాసనం 1369 నాటిది. వేయించినవాడు విజయనగర రాకుమారుడు భాస్కర భవదూరుడు. రోజూ వెయ్యిమంది కూలీలు, వంద బండ్లు, రెండేళ్ల పని అని అందులో రాసి ఉంది. మంచి చెరువుకు పన్నెండు అంగాలు కావాలంటుంది ఆ శాసనం. ధర్మం తెలిసిన రాజు, నీటి శాస్త్రం ఎరిగిన పండితుడు, గట్టి నేల, తీపినీళ్ల నది, రాతిగని, చివరికి తవ్వకంలో ఆరితేరిన జనం. నీళ్లు పంచే మనిషి మాత్రం ఆ పన్నెండులో లేడు. మా తాత ఆ మనిషి. వరంగల్ జిల్లాలో మా ఊరి చెరువుకు నీరటి.

చెరువు తవ్వించడం మనవాళ్లకు పుణ్యకార్యం. సప్తసంతానాల్లో కొడుకు పక్కనే తటాకాన్నీ లెక్కపెట్టారు. ఆ పుణ్యానికి ఆడవాళ్లూ పూనుకున్నారు. కాకతీయ రాజు గణపతిదేవుడి సోదరి మైలాంబ బయ్యారంలో చెరువు తవ్వించి ధర్మకీర్తి సముద్రమని పేరు పెట్టింది. కాకతీయుల వంశక్రమం తేల్చడానికి చరిత్రకారులు ఆధారపడే శాసనాల్లో ఆమె వేయించిన ఆ చెరువు శాసనం ఒకటి.

రాజులకు పుణ్యం సరే, ఊళ్లో పనిచేసింది భయం. కట్ట మీద మైసమ్మ ఉంది. కట్ట తెగిందంటే తల్లి అలిగినట్టే. చెరువు నిండి మత్తడి దుంకితే బోనం, మేకపోతు. ఆమె గద్దె దగ్గరి వేపకొమ్మను విరిచిన మనిషిని నా చిన్నప్పుడు నేను చూడలేదు. బతుకమ్మకు ఊరి ఆడవాళ్లంతా ఆ చెరువుకే పోయేవాళ్లు. తంగేడు, గునుగు నీళ్లలో విడిచేటప్పుడు ఈ ఏడు నీళ్లెంత, పూడిక ఎంత పెరిగిందన్నది వాళ్ల కళ్లకే ముందు ఆనేది.

కట్టకు మైసమ్మ కాపలా. తూముకు మాత్రం నమ్మకమే కాపలా. చెరువు సగమే నిండిన ఏడు ఎంత నేల తడపాలో ఊరు కూర్చుని ముందే తేల్చుకునేది. ఆ మాటను తూము దగ్గర నిలబెట్టేది తాత. పటేలు మడికైనా, ఆయకట్టు చివరి మడికైనా వంతు వంతే. జీతం కల్లంలో రైతులు కొలిచే వడ్లు. పంట ఎండితే ఆయనకూ గింజలుండవు, అందుకే ఆయన మాట చెల్లింది.

ఆ రోజులను పొగిడి ఊరుకోలేను. తూము చేతిలో ఉన్నా తాతకు ఆయకట్టులో గుంట భూమి లేదు. మైసమ్మ ఆడది, నాటు వేసేదీ కలుపు తీసేదీ ఆడవాళ్లే, తూము మీద మాత్రం ఆడదాని చెయ్యి పడనివ్వలేదు.

తర్వాత బోర్లు వచ్చాయి. బోరున్నవాడికి పక్కవాడి వంతుతో పని లేదు. కల్లంలో గింజలు కొలవడం ఆగింది, నీరటి కొలువు పోయింది. 1997 చట్టం నీటి వినియోగదారుల సంఘాలు పెట్టింది కానీ ఓటును భూమితో ముడిపెట్టింది. పట్టా మగవాళ్ల పేరునే ఉండే ఊళ్లలో అది ఎవరి సంఘమో చెప్పనక్కర్లేదు. 2015లో మొదలైన మిషన్ కాకతీయ పూడిక తీసింది, మంచి పనే. నీళ్లు పంచే మనిషిని మాత్రం తిరిగి తేలేదు. మైసమ్మకు ఇప్పటికీ బోనం ఎత్తుతున్నాం, అదే చెరువు శిఖంలో ప్లాట్లు కొంటున్నాం. భక్తికి లోటు లేదు. పోయింది ఒకరి మీద ఒకరికి ఉన్న నమ్మకం.

మీ ఊళ్లో చెరువుంటే పూడిక మళ్లీ చేరకముందే నీరటిని పెట్టుకోండి, జీతం ఆయకట్టు నుంచే ఇవ్వండి. నాటు వేసే ఆడవాళ్లకు, పట్టా ఉన్నా లేకున్నా, చెరువు సంఘంలో ఓటు ఇవ్వండి.