కోల బిరుసు, వింటి బిగువు

తాడిమర్రి యను పేరు వినినంతనే తాడిచెట్టును మర్రిమానును ఒక్కసారిగా కన్నుల యెదుట నిలుచును. కాని ఆ యూరి చుట్టునుగల మెట్టలలో, నందికొండలలో పుట్టి పుట్టపర్తి మీదుగా దిగివచ్చి పెన్నలో గలియు చిత్రావతి గట్ల వెంబడి, పూర్వకాలమున విల్లు చేబట్టి తిరిగిన బోయవానికి కావలసినది ఆ రెండు చెట్లలో నేదియు కాదు. వానికి కావలసినది వెదురు. అందును ఏ వెదురైనను చాలదు. తన వింటికి తగినంత బిరుసుగలిగి, తగినంత వంగెడు కోల కావలెను. వానలు చాలని యీ సీమలో అడవి యన ముండ్లకంప, తంగేడు, బండఱాళ్లు. జొన్నచేనికి చీకటిపడువేళ దిగిన పంది ఒక్క క్షణము కనబడి మఱల కంపలో దూరును. రెండవ కోల యెక్కుపెట్టుటకు వ్యవధి యుండదు. కావున వేటగాని బ్రదుకు ఆ యొక్క కోలమీద నాధారపడియుండెను.

మన కవులు విండ్లకు పేళ్లు పెట్టిరి. శివునిది పినాకము, విష్ణువుది శార్ఙ్గము, అర్జునునిది గాండీవము. కోలకు మాత్రము పేరు లేదు. అస్త్రములకు పేళ్లున్నవనిన, అవి మంత్రమునకు పెట్టినవి గాని కోలకు పెట్టినవి కావు. ఇది కోలకు జరిగిన యన్యాయమని నా యభిప్రాయము. ఏలయన విలువిద్యలోని సూక్ష్మమంతయు వింటియందు గాక, ఆ పేరులేని పుల్లయందే యిమిడియున్నది.

విల్లెక్కుపెట్టినవాని వెనుక నిలిచి చూచినచో నొక విశేషము తెలియును. నారి వింటి నడిమి కెదురుగా నుండును; కోలయో, వింటికఱ్ఱ అడ్డముండుటచే దాని ప్రక్కన ఆనియుండును; కావున దాని మొన గురికి సూటిగా నుండక ఒకింత ప్రక్కకు తిరిగియుండును. నారి విడిచినంతనే కోల తోక వింటి నడిమివైపునకే త్రోయబడును. కోల యినుపకడ్డీవలె వంగనిదే యైనచో వింటికఱ్ఱను ఒరసికొని, మొన తిరిగిన దిక్కునకే పోవలసియుండును. అయినను మంచి విలుకాని కోల గురినే తాకుచున్నది! తాకుటకు కారణము, అది వంగుటయే. వెనుక నారి త్రోపునకును, ముందు ములికి బరువునకును నడుమ చిక్కి కోల తానును విల్లువలె వంగి, మఱల రెండవ వైపునకు వంగి, వింటికఱ్ఱను తాకక దాని ప్రక్కగా చుట్టివచ్చినట్లు తోకను తప్పించుకొని, నీటిలో చేపవలె ఆడుచు కొంతదూరము పోయి, ఆ యాట యణగగా సూటిగా సాగును. వంకరపోవుటచేతనే తిన్నగా పోవుచున్నదన్నమాట. ఆలంకారికులు విరోధాభాసమనునది యిచ్చట వెదురుపుల్లలో సత్యమైయున్నది. ఈ యాట కంటికి కనబడునది కాదు. 1930లలో అమెరికా దేశమున క్లారెన్స్ హిక్మన్ అను శాస్త్రజ్ఞుడు మిక్కిలి వేగముగా బొమ్మలు దీయు యంత్రముతో దానిని పట్టి లోకమునకు చూపెను.

ఎంత వంగవలెననునదే అసలు చిక్కు. బిగువైన వింటికి బిరుసుకోల, సాధువైన వింటికి మెత్తనికోల. బిరుసు ఎక్కువైనచో కోల ఒక ప్రక్కకును, తక్కువైనచో రెండవ ప్రక్కకును పోవును. మఱీ మెత్తనిదైనచో నారి త్రోపునకు తాళలేక విఱిగి, వేటగాని చేతిలోనే గ్రుచ్చుకొనును. ఈ బిరుసును కొలుచుటకు పాశ్చాత్యులు కనిపెట్టిన పద్ధతిని మన యింటిలోనే చేసి చూడవచ్చును. 26 అంగుళముల యెడముగా గోడకు రెండు మేకులు కొట్టి, కోలను వానిపై నుంచి, నడుమ 2 పౌన్ల బరువు వ్రేలాడగట్టవలెను. నడుము అర యంగుళము క్రుంగినచో 26ను అరచే భాగింపగా 52 వచ్చును. ఆ కోల సుమారు 50 పౌన్ల లాగుడుగల వింటికి దగినదని స్థూలముగా నిర్ణయింతురు. క్రుంగుడు ఎక్కువయైనచో విల్లు సాధువైనది కావలెను. బరువైన ములికి తొడిగినను, పొడవు పెంచినను కోల మెత్తనిదగును. కొన కొంచెము కోసినచో బిరుసెక్కును.

ఇట్టి తూనికలు లేని కాలమున మనవారు చేసిన నిర్ణయము నన్ను మిగుల నాశ్చర్యపఱచుచున్నది. 1363లో కూర్పబడిన శార్ఙ్గధరపద్ధతిలోని ధనుర్వేదభాగము, కోల మిక్కిలి లావుగాని మిక్కిలి సన్నము గాని కారాదనియు, పండనిదియు, చెడ్డనేలలో మొలచినదియు, పగిలినదియు విడువదగినవనియు, కణుపులు నిండుగా నుండి, చక్కగా పండి, పాలిపోయిన వన్నె గలిగి, తగిన ఋతువున కోసినదే గ్రాహ్యమనియు చెప్పుచున్నది. ముందు లావైనది స్త్రీ, వెనుక లావైనది పురుషుడు, అంతటను సమమైనది నపుంసకమట. మొదటిది దూరము పోవునట, రెండవది గట్టిగా భేదించునట, మూడవది గురి సాధించుటకు మేలట. ఈ పేళ్ల మాట యెట్లున్నను, బరువును బిరుసును కోల పొడవున నెచ్చట నెంత యుండవలెనో యోచించినవారే ఇట్టి విభాగము చేయగలరు.

కోల కొలత విషయమై చెప్పినది యింకను గొప్పది: పిడికిలి తక్కువగా రెండు మూరల పొడవు, చిటికెనవ్రేలి లావు. ఎవని మూర, ఎవని చిటికెనవ్రేలు? కోల వాడువానివే యని నేను గ్రహించుచున్నాను; మూర యనునది మనిషి మనిషికి మాఱు కొలత గదా! దీని ఫలమెట్టిదో చూడుడు. కోల పొడవు పదింట నొకవంతు పెరిగినచో దాని వంగుడు సుమారు మూడింట నొకవంతు హెచ్చును. లావు పదింట నొకవంతు పెరిగినచో బిరుసు దాదాపు ఒకటిన్నర రెట్లగును. నిలువెత్తు మనుష్యునికి మూర పొడవు, వ్రేలును లావు. పొడవువలన పోయిన బిరుసును లావు మఱల తెచ్చి, పైపెచ్చు కొంత మిగుల్చును. వాని వింటి బిగువు సామాన్యుని వింటికంటె హెచ్చుగదా, ఆ మిగులు దానికి సరిపోవును. తక్కెడయు మేకులును లేకయే మనిషి తన దేహముతోనే కోలను తన వింటికి జతపఱచుకొనెను.

ఈ జతపఱచుట వెదురుపొదయొద్దనే మొదలగును. కృష్ణపక్షమున కొట్టిన వెదురు పుచ్చదని పల్లెలలో నేటికిని నమ్మకము. కొట్టినదానిని నీడ నార్చి, సెగ చూపి, మెత్తబడినచోట వంకరదీసి, ఒక కన్ను మూసి పొడవున చూచి, రెండు కొనలు చేత బట్టి బొటనవ్రేళ్లతో నడుము నొక్కి చూడవలెను. వ్రేళ్లకు తెలియు ఆ యెదురుత్రోపే బిరుసు. పది కోలలు నొక్కి యారింటిని ఒక ప్రక్కకును, నాలుగింటిని వేఱొక ప్రక్కకును పెట్టుట యెట్లో మాటలలో చెప్పరాదు. అమ్ములపొదిలోని కోలలన్నియు ఒకే తీరున వంగినగాని నేటి గురి రేపటికి పనికిరాదు.

బోయల విలువిద్య వేటకే గాక యుద్ధమునకును పనికివచ్చెను. ఈ సీమలోని పెనుగొండ చరిత్ర యందఱెఱిగినదే: 1565లో రాక్షసితంగడి యుద్ధానంతరము తిరుమలరాయలు రాజధానిని అచ్చటికి మార్చెను. విజయనగర ప్రభువులకును, పిదప పాలెగాండ్రకును, హైదరాలీకిని బోయలు కాల్బలమై నిలిచిరి. 1800లో ఆంగ్లేయుల వశమైన ఈ దత్తమండలములకు కలెక్టరుగా వచ్చిన మన్రో పాలెగాండ్ర బలము నణచెను. తరువాత తుపాకి వాడుక పెరిగినది, అడవి చట్టములు వచ్చినవి. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టము వేటను కట్టడి చేసినది, అది న్యాయమే. వేట పోవుట మంచిదే గాని, బొటనవ్రేళ్ల యా తెలివి దానితోపాటు పోవుట నాకు కష్టముగా నున్నది.

హిందూపురమునకు సమీపమున లేపాక్షి వీరభద్రాలయపు కప్పుమీద, అచ్యుతరాయల కాలమున చిత్రింపబడిన కిరాతార్జునీయము కలదు. శ్రీనాథుడు హరవిలాసమున తెనిగించిన కథయే అది: ఒక్క పంది, రెండు కోలలు, ఎవని వేట, ఎవని కోల యను జగడము. బోయవేషమున శివుడును, తపోవేషమున అర్జునుడును కోలకొఱకు పోరాడుట కవి కల్పించిన నెపము మాత్రమేయని పలువురు తలతురు. నాకట్లు తోచదు. మనిషి మూరతో కొలిచి, వ్రేలితో లావెంచి, వింటికి జతపఱచిన కోల వేఱొకని వింట పనికిరాదు. దానిని పోగొట్టుకొనినవాడు వనమంతయు మఱల వెదకవలెను.

అహోబిలమున నేటికిని కనుమనాడు పారువేట యారంభమగును. నరసింహస్వామి పల్లకి చుట్టుపట్ల గ్రామములకు బయలుదేరును. చెంచులక్ష్మి పుట్టింటివారైన చెంచులు పల్లకి యెదుట విల్లెక్కుపెట్టి బాణములు వదలుదురు. జనులందఱును స్వామిని చూచుచుందురు. కోల సంగతి యెఱిగినవాని చూపు మాత్రము, కంటి కందదని తెలిసియు, తోక వింటికఱ్ఱను తప్పించుకొనిపోవు నా చోటనే నిలిచియుండును.