హృదయశస్త్రచికిత్సానంతర వేదనోపశమనము, శీఘ్రస్వస్థత: చరిత్ర

హృదయశస్త్రచికిత్స జరిగిన పిమ్మట నొప్పిని అదుపుచేసి రోగిని త్వరితముగ లేపి నడిపించు విధానమునకు నలువది యేండ్ల చరిత్రయైనను నిండలేదు. 1953 మే 6న ఫిలడెల్ఫియా నగరమున జాన్ గిబ్బన్, గుండె, ఊపిరితిత్తుల పనిని తాత్కాలికముగ యంత్రమునకు అప్పగించి, 18 ఏండ్ల యువతి గుండెలోని పైగదుల నడిమి గోడయందలి రంధ్రమును పూడ్చిననాడు, రోగి బ్రదికి బయటపడుటయే పరమావధిగ నుండెను గాని నొప్పి ముఖ్యసమస్యగ తోపలేదు.

అప్పటి మత్తువాయువులు అసలే బలహీనమైన గుండెను మఱింత క్రుంగదీయుచుండుటచే, 1969లో బోస్టన్ నగరమున ఎడ్వర్డ్ లోవెన్‌స్టీన్, ఆయన సహచరులు మార్ఫిన్‌ను దేహభారమున కిలో ఒక్కింటికి 3 మిల్లీగ్రాముల దాక సిరలోనికెక్కించి, ఫలితములను ప్రకటించిరి. నొప్పికై సాధారణముగ నిచ్చు మోతాదు మొత్తము 10 మిల్లీగ్రాములు కాగా, వీరి లెక్కన 60 కిలోల మనిషికి అది 180 అగును! 1978లో థియొడోర్ స్టాన్లీ, బెల్జియమునందు పాల్ జాన్సెన్ సృష్టించిన, మార్ఫిన్ జాతి మందగు ఫెంటనిల్‌ను అదే తీరున వాడి చూపెను. గుండె నిలకడగనే యుండెను. కాని శ్వాసను నడపు మెదడుభాగము మత్తున మునుగుటచే రోగి మఱునాటి దాక వెంటిలేటరుపైననే యుండవలసివచ్చెను. దీనిని లోపముగ గణింపక, గుండెకు విశ్రాంతి యనియే వైద్యులు సమర్థించుకొనిరి.

ఐ.సి.యు. పడకల కొఱత, పెరిగిన వ్యయము ఈ సమర్థనను సడలించెను. దయకంటె లెక్కలే ముందు మేల్కొల్పినవనుట సత్యదూరము కాదు. 1994లో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌నందు రిచర్డ్ ఎంగెల్మన్ బృందము, మత్తు తగ్గించి, శ్వాసనాళమునందలి గొట్టమును శీఘ్రముగ తీసి, బైపాస్ రోగులను త్వరగ నడిపించు పద్ధతిని ప్రకటించెను. డెన్మార్కునందు హెన్రిక్ కెలెట్, ప్రేగుల శస్త్రచికిత్స విషయమున, ఒకే మందును మెండుగ నిచ్చుటకు మారు భిన్నరీతుల పనిచేయు మందులను కొంచెము కొంచెముగ కలిపి యిచ్చుట మేలని ప్రతిపాదించెను.

నొప్పి యిచట కేవలము బాధ కాదు. నిలువున రంపముతో కోసి ఉక్కుతీగలతో బిగించిన రొమ్ముటెముక దగ్గినప్పుడెల్ల కలుక్కుమనుటచే, రోగి దగ్గక కఫమును లోననే నిలుపుకొనును. అది న్యుమోనియాకు దారితీయవచ్చును. కావుననే వార్డులలో దిండును రొమ్మునకు గట్టిగ హత్తుకొని దగ్గుమనియు, మూడు బంతుల పరికరమును నోటబెట్టుకొని గాలిని లోనికి పీల్చి బంతులను పైకి లేపుమనియు నర్సులు వదలక చెప్పుదురు.

నొప్పిని తగ్గించుటకు మార్ఫిన్ జాతి మందులకు మారుగ నున్న తక్కిన మార్గములును నిష్కంటకములు కావు. 2005లో బైపాస్ రోగులపై జరిగిన పరిశోధనయందు పారెకాక్సిబ్, వాల్డెకాక్సిబ్ అను నొప్పి మందులు గుండెపోటు మున్నగు ప్రమాదములను పెంచినట్లు తేలినందున పారాసెటమాల్‌కు ప్రాధాన్యము హెచ్చెను. వెన్నెముక లోపల సూదితో మందు పెట్టుట ఫలవంతమే యైనను, గుండె పనిచేయు యంత్రముకొఱకు రక్తము గడ్డకట్టకుండ హెపారిన్ ఇచ్చుటచే అచట రక్తము గూడునను భయము వీడలేదు. 2016లో ఫొరేరో మున్నగువారు వర్ణించిన, వెన్నుకండరముల క్రింద అల్ట్రాసౌండ్ సాయమున మందునింపు పద్ధతి ఆ భయమును చాల తగ్గించినను, ముందువైపు రొమ్ముటెముక నొప్పికి దాని ప్రయోజనము అందఱియందును ఒకేరీతిగ కనబడదు.

2019లో వెలువడిన అంతర్జాతీయ మార్గదర్శకములు 6 గంటలలోపల గొట్టము తీయుటను, మార్ఫిన్ జాతి మందులను తగ్గించి పలు మందులను కలిపి వాడుటను సూచించెను. అయినను బైపాస్‌కై రొమ్ము లోపలి ధమనిని వేరుచేయునపుడు నరములు దెబ్బతినిన కొందఱికి, ఎముక అతికిన నెలల తరువాతను, ఆ ప్రక్క తిమ్మిరియు మంటయు నిలిచియుండును. దీనికి తగిన చికిత్స యింకను కుదురలేదు.