భీమ్‌థడి గుర్రం

భీమ్‌థడి, లేదా దక్కనీ, మహారాష్ట్రలోని భీమా నదీ పరీవాహకంలో రూపుదిద్దుకొన్న పొట్టిరకం పనిగుర్రపు జాతి. మరాఠీలో 'థడి' అంటే నది ఒడ్డు. సహ్యాద్రిలోని భీమాశంకర్ వద్ద పుట్టి, తెలంగాణ సరిహద్దున కృష్ణలో కలిసే భీమా తీరమే ఈ పేరుకు ఆధారం. స్థానిక గుర్రాలు, పశ్చిమ తీరపు రేవుల గుండా దిగుమతైన అరబ్బీ గుర్రాలతో సంకరమై ఈ జాతి ఏర్పడిందని భావిస్తారు.

కొండదారుల్లో తక్కువ మేతతో దూరప్రయాణం చేయగల దక్కను గుర్రాలు మరాఠా తేలికపాటి అశ్వదళానికి ఆధారమయ్యాయి. తపతీ తీరాన ఉన్న మొగలుల ప్రధాన రేవు సూరత్‌పై శివాజీ 1664 జనవరిలోనూ 1670 అక్టోబరులోనూ జరిపిన దాడులు ఆ దళపు వేగానికి ప్రసిద్ధ ఉదాహరణలు. 1818లో పేష్వాల పాలన అంతరించడంతో యుద్ధావసరం తగ్గి, ఈ జాతి ప్రధానంగా సంచార గొర్రెల కాపరులైన ధన్‌గర్‌ల వద్ద మిగిలింది. మంద వెంట సాగే ఈ గుర్రాల వీపుపై గుడారపు గుడ్డలు, వంటపాత్రలు, నడవలేని గొర్రెపిల్లలు ప్రయాణిస్తాయి.

కర్నాల్‌లోని జాతీయ పశు జన్యు వనరుల సంస్థ దీన్ని దేశంలో 8వ గుర్రపు జాతిగా నమోదు చేసింది.